మార్కెట్ ఏళ్ల తరబడి పెరుగుతూ పోవడం వెనక అసలు ఏముంటుంది?

స్వాతి_కూకట్‌పల్లి:

అందరికీ నమస్తే. 2020 లాక్‌డౌన్‌లో మా టీమ్ వాళ్లను చూసి నేనూ డీమ్యాట్ (షేర్లు ఎలక్ట్రానిక్ రూపంలో ఉండే ఖాతా) తెరిచాను. సూచీలోని షేర్లనే కొనే ఒక ఇండెక్స్ ఫండ్‌లో సిప్ (నెలనెలా కొంత డబ్బు) పెట్టి అప్పట్నుంచి ఆపకుండా నడుపుతున్నాను. 2020 మార్చి 23న సెన్సెక్స్ (ముప్పై పెద్ద కంపెనీల షేర్ల సూచీ) 26 వేల కిందికి పడింది. 2024 సెప్టెంబరు చివరికి 86 వేల అంచుదాకా వెళ్లింది. మధ్యలో యుద్ధాలు వచ్చాయి, వడ్డీలు పెరిగాయి, 2024 ఎన్నికల ఫలితాల రోజు ఒక్క పూటలో నాలుగు వేల పాయింట్లకు పైగా పడింది. అయినా ప్రతిసారీ లేచింది.

సంక్రాంతికి ఒంగోలు వెళ్లినప్పుడు మా నాన్నగారికి నా ఫండ్ స్టేట్‌మెంట్ చూపించాను. ఆయన రిటైర్డ్ లెక్కల మాస్టారు, జీవితంలో షేరు ముట్టుకోలేదు. కళ్లజోడు సర్దుకుని అంతా చదివి ఒక్క మాట అడిగారు: "నాలుగున్నరేళ్లలో సెన్సెక్స్ మూడింతలు దాటిందంటున్నావు. ఈ కంపెనీలు మూడింతలు సంపాదిస్తున్నాయా? లేకపోతే మిగతాది ఎక్కణ్ణుంచి వచ్చింది?"

నా దగ్గర జవాబు లేదు. లాంగ్ టర్మ్‌లో మార్కెట్ ఎప్పుడూ పెరుగుతుంది నాన్నా అన్నాను. "ఎందుకు పెరుగుతుంది అన్నదే కదా నా ప్రశ్న" అన్నారు. అప్పట్నుంచి అది బుర్రలో తిరుగుతూనే ఉంది. ఏడాదో రెండేళ్లో కాదు, అయిదేళ్లు, పదేళ్లు అదేపనిగా ధరలు పెరగడానికి కారణం లాభాలా, వడ్డీ రేట్లా, జనం డబ్బా? పాత రోజులు చూసినవాళ్లు చెబితే బాగుంటుంది. ఇంకో విషయం, ఆయన రిటైర్మెంట్ డబ్బులో కొంత ఇందులో పెడదామా అని నాకు ఆలోచన ఉంది. అందుకే అడుగుతున్నాను.

చార్ట్‌బాబు_విశాఖ:

స్వాతి గారూ, దీనికి పెద్ద థియరీ అక్కర్లేదు. డబ్బు వస్తే పెరుగుతుంది, పోతే పడుతుంది. 2016 ఏప్రిల్‌లో దేశం మొత్తం మీద నెలకు సిప్‌ల ద్వారా వచ్చింది 3,122 కోట్లు. 2024 డిసెంబరులో 26,459 కోట్లు. 2020 మార్చిలో డీమ్యాట్ ఖాతాలు 4 కోట్లు. 2024 మార్చికి 15 కోట్లు. 2024 అక్టోబరులో విదేశీ ఫండ్లు 90 వేల కోట్లకు పైగా షేర్లు అమ్మేసి వెళ్లాయి. పదేళ్ల కింద అయితే మార్కెట్ కుప్పకూలేది. ఈసారి మన ఫండ్లు, ఇన్సూరెన్స్ కంపెనీలు లక్ష కోట్లు పెట్టి కొన్నాయి. సూచీ ఆరు శాతం దాకా తగ్గి ఆగింది. లాభాల కథలు తర్వాత చెప్పుకునేవి. ముందు డబ్బు, తర్వాతే కారణం.

సుబ్బరాజు_భీమవరం:

అమ్మా స్వాతీ, మీ నాన్నగారు అడిగింది సరైన ప్రశ్న. నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. షేర్లు కాగితాల రూపంలో ఉన్నప్పట్నుంచి కొంటున్నాను. ట్రాన్స్‌ఫర్ డీడ్ మీద సంతకం సరిపోలేదని షేర్లు తిరిగొచ్చే కాలం అది. 2003 నుంచి 2008 దాకా నడిచిన పెరుగుదలను బ్యాంకు కౌంటరు లోపలి నుంచి చూశాను కాబట్టి దాని లెక్కే చెబుతాను. మిగతావన్నీ దాంతో పోల్చి చూసుకోవచ్చు.

ముందు అంకెలు. 2003 మార్చి 31న సెన్సెక్స్ 3,049. 2008 జనవరి 8న ముగింపు 20,873. అంటే దాదాపు ఏడు రెట్లు. ఇప్పుడు మాస్టారి ప్రశ్న వేద్దాం. సెన్సెక్స్‌నే ఒక షేరు అనుకుని దాని వంతుకి వచ్చే కంపెనీల లాభం లెక్కేస్తే 2002-03లో సుమారు 270 రూపాయలు, 2007-08లో సుమారు 830. అంటే మూడు రెట్లు. మిగతాది ఎక్కణ్ణుంచి వచ్చింది? 2003లో ఒక రూపాయి లాభానికి జనం 11 రూపాయలు ఇచ్చేవాళ్లు. 2008 జనవరిలో అదే రూపాయికి 25 ఇచ్చారు. దీన్నే పీఈ అంటారు. మూడు రెట్ల లాభం, దాని మీద రెండింతలకు పైగా పీఈ, రెండూ గుణిస్తే ఏడు. మాస్టారికి ఈ గుణకారం చెప్పండి, ఆయనకి ఒక్క క్షణంలో అర్థమైపోతుంది.

ఏళ్ల తరబడి సాగిన ఏ పెరుగుదలనైనా ఇలా రెండు ముక్కలు చేసి చూడాలన్నది నా గట్టి అభిప్రాయం. ఇందులో మొదటి ముక్క అయిన లాభానికి పైకప్పు లేదు. దేశం ఎదిగినంత కాలం లాభం పెరుగుతుంది. రెండో ముక్క అయిన పీఈకి ఉంది. 11 నుంచి 25 కావచ్చు, 25 నుంచి 60 అయి అక్కడే కూర్చోదు. చార్ట్‌బాబు గారు చెప్పిన డబ్బు ప్రవాహం ఈ రెండో ముక్కను కదిపేది. మొదటిదాన్ని కదపలేదు.

మరి 2003లో ఈ రెండూ ఒకేసారి ఎందుకు లేచాయి? ఇక్కడ వడ్డీ గురించి కాస్త వివరంగా చెప్పాలి.

2000-01లో ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) ఇచ్చారు. దేశవ్యాప్తంగా లక్షమంది దాకా తీసుకున్నారు, మా బ్రాంచిలోనూ తీసుకున్నారు. వచ్చిన డబ్బు చాలామంది మా దగ్గరే మూడేళ్ల డిపాజిట్ వేశారు. అప్పుడు వడ్డీ 10 శాతం దగ్గర. ఆ రసీదులు 2003-04లో మెచ్యూరిటీకి వచ్చాయి. రసీదు వెనక సంతకం పెట్టి కౌంటరు మీద పెడుతూ "అదే పీరియడ్‌కి మళ్లీ వేసేయండి రాజు గారూ" అనేవారు. కొత్త రేటు అయిదున్నర అని చెప్పగానే చెయ్యి ఆగిపోయేది. ఒకాయన రసీదు వెనక్కి తీసుకుని, బెంచీ మీద కూర్చుని, కాల్‌క్యులేటర్‌తో నెలకి ఎంత వస్తుందో లెక్క వేసుకోవడం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. నెల ఖర్చు సగానికి కోసుకోవాల్సిన పరిస్థితి. పీపీఎఫ్ వడ్డీ కూడా అంతే, 2000 జనవరి దాకా 12 శాతం, 2003 మార్చికి 8. అలా డిపాజిట్ నమ్ముకున్న మనిషి మొదటిసారి వేరే వైపు చూశాడు. ఆ రోజుల్లో కొన్ని ప్రభుత్వ రంగ కంపెనీల షేర్లకు డివిడెండే (కంపెనీ పంచే లాభమే) డిపాజిట్ వడ్డీకి దీటుగా వచ్చేది. ధర పెరక్కపోయినా నష్టం లేదన్న స్థితి.

వడ్డీ తగ్గితే ఆస్తి ధర ఎందుకు పెరుగుతుందో మాస్టారికి ఇలా చెప్పండి. మీ ఒంగోలులోనే ఏడాదికి లక్ష అద్దె వచ్చే షాపు ఒకటుంది అనుకుందాం. బ్యాంకు 10 శాతం ఇస్తుంటే దానికి పది లక్షలకు మించి ఎవరు పెడతారు? బ్యాంకు అయిదున్నరే ఇస్తుంటే అదే లక్ష అద్దెకి 18 లక్షలు పెట్టేవాడు దొరుకుతాడు. అద్దె రూపాయి పెరగలేదు, షాపు మారలేదు. పీఈ పెరగడమంటే ఇదే.

అదే సమయంలో కంపెనీల లోపల ఇంకోటి జరిగింది. 1994, 95లలో మన కంపెనీలు 16, 17 శాతం వడ్డీకి అప్పులు తెచ్చి ఉక్కు, సిమెంటు, జౌళి ఫ్యాక్టరీలు కట్టేశాయి. డిమాండ్ రాలేదు. ఆరేడేళ్లు నలిగిపోయాయి. బలహీనమైనవి మూతపడ్డాయి, మిగిలినవి మనుషుల్ని, అప్పుల్ని తగ్గించుకున్నాయి. 2003 వచ్చేసరికి ఫ్యాక్టరీ కట్టి సిద్ధంగా ఉంది, వడ్డీ సగమైంది, చైనా కొనుగోళ్లతో ఉక్కు ధర లేచింది. వంద కోట్ల అప్పున్న కంపెనీకి 16 శాతం వడ్డీ 8 అయితే ఏడాదికి ఎనిమిది కోట్లు ఊరికే మిగులుతాయి. కొత్త ఫ్యాక్టరీ అక్కర్లేదు, ఉన్నదాన్ని పూర్తిగా నడిపితే చాలు. లాభం మూడు రెట్లు కావడంలో పెద్ద వాటా దీనిదే అని నా నమ్మకం. చూడండి, వడ్డీ ఒక్కటే రెండు చోట్లా పనిచేసింది, ఇటు లాభంలో, అటు పీఈలో.

జనానికి ఇళ్లు కూడా అందుబాటులోకి వచ్చాయి. 2000లో 13 శాతం పైన ఉన్న హౌసింగ్ లోన్ 2004కి 8 కిందికి వచ్చింది. మా బ్రాంచిలో టీచర్లు, ఎలక్ట్రిసిటీ ఉద్యోగులు వరస కట్టారు. సిమెంటు, పెయింటు, టైల్స్, స్కూటర్లు అన్నీ కదిలాయి. అమెరికాలో ఫెడ్ (అక్కడి కేంద్ర బ్యాంకు) 2003 జూన్ నుంచి ఏడాది పాటు వడ్డీని 1 శాతం దగ్గర ఉంచింది, అక్కడి డబ్బు ఇటు వచ్చింది. 2004 బడ్జెట్‌లో లిస్టెడ్ షేర్ల దీర్ఘకాల లాభం మీద పన్ను తీసేశారు. డీమ్యాట్ వచ్చేసింది, టీ ప్లస్ టూ (రెండు పనిదినాల్లో లావాదేవీ పూర్తయ్యే పద్ధతి) వచ్చింది, బద్లా (చెల్లింపు వాయిదా వేసే పాత పద్ధతి) పోయింది. ఇవన్నీ సాయం చేశాయి. కానీ వీటిలో ఏ ఒక్కటీ విడిగా ఏడు రెట్లు చేసేది కాదు.

మధ్యలో పడలేదా అంటే, బాగా పడింది. 2004 మే 17న ఎన్నికల ఫలితాల తర్వాత ఒక్కరోజే 11 శాతం. 2006 మే-జూన్‌లలో 12,600 నుంచి 9 వేల కిందికి. ప్రతిసారీ అయిపోయింది అన్నారు. లాభాలు పెరుగుతూ ఉన్నాయి కాబట్టి నెలల్లోనే పాత ధర దాటేసింది.

ఇక చివరి ముక్క, ఇది జాగ్రత్తగా చూడండి. 2008 జనవరిలో 20,873 ఉన్న సూచీ 2009 మార్చి 9న 8,160. అరవై శాతం పోయింది. మరి సూచీ కంపెనీల లాభం? 830 దగ్గర ఉన్నది 820కి వచ్చింది, అంతే. లాభం చెక్కుచెదరలేదు, ఒక రూపాయి లాభానికి జనం ఇచ్చే ధర మాత్రం 25 నుంచి 10కి పడిపోయింది. రెండో ముక్క ఎంత ఇచ్చిందో అంతా తీసేసుకుంది. మొదటి ముక్క ఇచ్చింది అలాగే నిలిచింది. అందుకే అంత పతనం తర్వాత కూడా 2003 కన్నా సూచీ రెండున్నర రెట్ల పైన ఉంది.

స్వాతి_కూకట్‌పల్లి:

సుబ్బరాజు గారూ, మీ పోస్టు ప్రింట్ తీసి నాన్నకి పంపాను. ఫోన్ చేసి రెండు అడగమన్నారు. ఒకటి: 1992లో కూడా సెన్సెక్స్ 4,400 దాటిందట కదా. మరి 2003లో 3,049 ఏంటి? పదకొండేళ్లు దేశం ఎదగలేదా? రెండు: 2020 తర్వాత వచ్చిన దానిలో లాభం వాటా ఎంత, పీఈ వాటా ఎంత?

మురళి_డల్లాస్:

సుబ్బరాజు గారు చెప్పిన రెండు ముక్కల లెక్క అమెరికాకి ఇంకా బాగా సరిపోతుంది. నేను 90లలో ఇక్కడికి వచ్చాను, వచ్చేసరికే ఊపు సగం దాటింది. ఇక్కడి సూచీ డౌ జోన్స్ 1972 నవంబరులో మొదటిసారి వెయ్యి దాటింది. పదేళ్ల తర్వాత, 1982 ఆగస్టు 12న, 777. దశాబ్దం మొత్తం వృథా. ఆ పదేళ్లూ కంపెనీల లాభాలు డాలర్లలో పెరిగాయి, కానీ ద్రవ్యోల్బణం తినేసింది. 1980లో ధరల పెరుగుదల 14 శాతం దాటింది. ఫెడ్ చైర్మన్ పాల్ వోల్కర్ వడ్డీని 1981లో 19, 20 శాతానికి తీసుకెళ్లాడు. ఇళ్ల అప్పు సగటున 18 శాతం దాటింది. ఆ పరిస్థితిలో షేరు ఎవరు కొంటారు? సూచీ పీఈ 8 దగ్గరకి వచ్చింది.

ద్రవ్యోల్బణం విరిగాక వడ్డీ పద్దెనిమిదేళ్ల పాటు దాదాపు దిగుతూనే వచ్చింది. 2000 జనవరి 14న డౌ 11,723. పదిహేను రెట్లు. అందులో పీఈ ఒక్కటే 8 నుంచి 30 దాకా వెళ్లి దాదాపు నాలుగు రెట్లు ఇచ్చింది. మిగిలిన నాలుగు రెట్లు లాభాలు. మధ్యలో 1987 అక్టోబరు 19న ఒక్కరోజులో 22.6 శాతం పడింది. ఆ ఏడాది ముగిసేసరికి డౌ ఏడాది మొదట్లో కన్నా కాస్త పైనే ఉంది.

మీ దగ్గరి సిప్ లాంటిది ఇక్కడ 401కే. 1978 చట్టంతో వచ్చింది, 80లలో చాలా కంపెనీలు పెట్టుకున్నాయి. జీతం చేతికి రాకముందే కొంత ఫండ్‌లోకి పోతుంది. నా మొదటి ఉద్యోగంలో హెచ్‌ఆర్ ఆవిడ ఫారం ఇచ్చి ఎంత శాతం అని అడిగితే, పక్క సీటు మనిషి ఎంత రాశాడో అంతే రాశాను, మేమంతా అంతే. ఆ డబ్బు ధర చూసి రాదు, ఎప్పుడు జీతం పడితే అప్పుడు వస్తుంది. పెరుగుదల సాగడానికి అది చాలా బలం. కానీ 2000 తర్వాత కూడా 401కే డబ్బు ప్రతి నెలా వస్తూనే ఉంది, మార్కెట్ మాత్రం రెండున్నరేళ్లకు పైగా పడింది.

చార్ట్‌బాబు_విశాఖ:

మురళి గారు చెప్పిన చివరి వాక్యం ఆలోచించాల్సిందే. కానీ సుబ్బరాజు గారూ, డబ్బు లోపలికి రాకుండా పీఈ ఎలా పెరుగుతుంది? కొనేవాడుంటేనే కదా ధర?

సుబ్బరాజు_భీమవరం:

చార్ట్‌బాబు గారు అడిగినదానిలోనే మాస్టారి మొదటి ప్రశ్నకి సగం జవాబు ఉంది.

కొనేవాడు ఉండాలి, నిజమే. కానీ నేను వంద రూపాయలు పెట్టి షేరు కొంటే, అమ్మినవాడు ఆ వంద పట్టుకెళ్తాడు. మార్కెట్‌లో డబ్బు పోగుపడి ఉండదు. కాబట్టి ఎంత డబ్బు వచ్చిందన్నదాంతో పాటు ఎంత కాగితం (అమ్మకానికి షేర్లు) వచ్చిందన్నది కూడా చూడాలి. ధర బాగా పెరిగితే ప్రమోటర్లు (కంపెనీ యజమానులు) అమ్ముతారు, కొత్త కంపెనీలు ఐపీఓకి (మొదటిసారి జనానికి షేర్లు అమ్మడానికి) వస్తాయి. వచ్చిన డబ్బును అవి పీల్చేస్తాయి.

1992 కథ అదే. 1991 ఏప్రిల్‌లో సెన్సెక్స్ 1,170 దగ్గర. 1992 ఏప్రిల్ 22న 4,467. ఏడాదిలో దాదాపు నాలుగు రెట్లు. ఆర్థిక సంస్కరణల మీద ఆశ నిజమైనదే, కానీ ఏడాదిలో కంపెనీల లాభం నాలుగు రెట్లు కాలేదు. బ్యాంకులు ఒకదానికొకటి ఇచ్చుకునే రసీదుల మీద హర్షద్ మెహతా అనే బ్రోకరు తిప్పిన డబ్బుతో పీఈ 50 దాటింది. అంటే రాబోయే పదేళ్ల లాభాన్ని ముందే ధరలో కట్టేశారు. ఆ తర్వాత దేశం ఎదిగింది మాస్టారూ, లాభాలూ పెరిగాయి. కానీ 50 నుంచి 11కి దిగుతున్న పీఈ ఆ పెరుగుదలనంతా మింగేసింది.

పైగా కాగితం వరదలా వచ్చింది. 1994 నుంచి 96 దాకా ఏడాదికి వెయ్యికి పైగా కంపెనీలు పబ్లిక్ ఇష్యూకి వచ్చాయి. అప్లికేషన్ ఫారాలు మా బ్రాంచిలోనే ఇచ్చేవాళ్లం, వాటి కట్టలు క్యాష్ కౌంటరు పక్కన నడుము ఎత్తు ఉండేవి. రొయ్యల కంపెనీలు, గ్రానైట్ కంపెనీలు, ఫైనాన్స్ కంపెనీలు, పూల తోటల కంపెనీలు. మన జిల్లాల్లో చెరువులున్న ప్రతివాడూ కంపెనీ పెట్టేయాలన్న రోజులవి. వాటిలో చాలా కంపెనీల చిరునామాకు తర్వాత ఉత్తరాలు రాస్తే తిరిగొచ్చాయి. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వాటిని 'వానిషింగ్ కంపెనీలు' (మాయమైన కంపెనీలు) అని జాబితా కట్టాల్సి వచ్చింది. జనం పొదుపు అలా ఆవిరయ్యాక, 2001లో యూటీఐ తన యూఎస్-64 ఫండ్ యూనిట్లను కూడా తిరిగి కొనడం ఆపేశాక, 2003లో షేరు అన్న మాట ఎత్తితే మనిషి లేచి వెళ్లిపోయేవాడు. పీఈ 11 కావడానికి ఆ భయం పెద్ద కారణం. ధర తక్కువ ఉండటమే తర్వాతి పెరుగుదలకి పునాది అయింది. మురళి గారి 1982లో పీఈ 8 ఉండటమూ అలాంటిదే. జనం విసిగిపోయి వదిలేసిన చోటే పొడవైన పెరుగుదలలు మొదలయ్యాయి.

2008 జనవరిలో ఇంకో ఫారాల కట్ట చూశాను, రిలయన్స్ పవర్‌ది. కరెంటు ఇంకా ఒక్క యూనిట్ తయారుచేయని కంపెనీకి 70 రెట్లకు పైగా అప్లికేషన్లు వచ్చాయి. ఎప్పుడూ లాకరు పనికి తప్ప బ్యాంకుకి రాని ఆడవాళ్లు నగలు తాకట్టు పెట్టి మరీ దరఖాస్తు చేశారు. ఫిబ్రవరి 11న లిస్టయిన రోజే ఇష్యూ ధర కిందికి పోయింది. 2024లో కూడా కాగితం బాగా వచ్చింది. అక్టోబరులో హ్యుందాయ్ ఇండియా ఒక్కటే 27,870 కోట్లు తీసుకుంది. అందులో ఒక్క రూపాయి కూడా కొత్త ఫ్యాక్టరీకి కాదు, మాతృ సంస్థ తన వాటా అమ్ముకుంది. అది తప్పు కాదు, వాళ్ల హక్కు. కానీ చార్ట్‌బాబు గారూ, మీరు చెప్పిన నెలకి 26 వేల కోట్ల సిప్ డబ్బును ఒక్క ఇష్యూ తాగేసిందంటే ఇటువైపు లెక్క కూడా రాసుకోవాలి కదా.

ఇప్పుడు రెండో ప్రశ్న. 2020 తర్వాతి పెరుగుదల ఉత్తిది కాదు. 2014 నుంచి 2019 దాకా మాత్రం పెద్ద కంపెనీల లాభాలు నత్తనడకన సాగాయి. ప్రభుత్వ బ్యాంకులు మొండి బాకీలతో మునిగి ఉన్నాయి. 2015లో రిజర్వు బ్యాంకు పుస్తకాలన్నీ తెరిపించి చూసేసరికి దాచినవన్నీ బయటపడ్డాయి. అయినా సెన్సెక్స్ 22 వేల నుంచి 38 వేలకు వెళ్లింది. అది ఎక్కువ భాగం రెండో ముక్క. రెపో రేటు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ) 8 నుంచి 6కి వచ్చింది, సిప్‌లు ఊపందుకున్నాయి.

2020 తర్వాత లాభాలు లేచాయి. 2019 సెప్టెంబరు 20న కార్పొరేట్ పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గించారు, ఆ తేడా నేరుగా లాభంలో కలిసింది. బ్యాంకులు అప్పటికే మొండి బాకీలకు కేటాయింపులు చేసేసుకుని శుభ్రపడ్డాయి. ఉక్కు, అల్యూమినియం ధరలు లేచాయి. 2020 మేలో రెపో 4 శాతానికి వచ్చింది. 2019-20 నుంచి 2023-24కి నిఫ్టీ (సెన్సెక్స్ లాంటి మరో సూచీ) కంపెనీల లాభం దాదాపు రెట్టింపు అయింది. కాబట్టి మాస్టారికి ఇలా చెప్పండి: మూడింతల్లో రెండింతలు నిజమైన సంపాదన. మిగతాది 2020 మార్చిలో భయంతో బాగా కిందికి పోయిన ధర మళ్లీ లేచి, ఇంకాస్త పైకి వెళ్లడం.

అందుకే ఇక ముందు అదే వేగం ఆశించకూడదని నా అభిప్రాయం. 2003లో పీఈకి పెరగడానికి చోటు ఉంది. 2024 సెప్టెంబరులో పీఈ 24 దగ్గర ఉంది, అక్కడ అంత చోటు లేదు. పన్ను ఇంకోసారి అంత తగ్గదు, బ్యాంకులు రెండోసారి శుభ్రపడక్కర్లేదు. ఇక లాభం ఎంత పెరిగితే ధర దాదాపు అంతే పెరగాలి.

మీ నాన్నగారి డబ్బు సంగతి. నెల ఖర్చుకి కావలసింది షేర్లలో పెట్టనే వద్దు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ 2024లో 8.2 శాతం ఇచ్చింది, మూడు నెలలకోసారి వడ్డీ ఖాతాలో పడుతుంది, పోస్టాఫీసులో గానీ బ్యాంకులో గానీ తెరవచ్చు. ఏడెనిమిదేళ్లు ముట్టుకోనవసరం లేని డబ్బు ఉంటే, అందులో ఆయనకి నిద్ర పట్టేంత భాగం, ఒకేసారి కాకుండా నెలనెలా పెట్టండి. 2008 లాంటిది వస్తే అరవై శాతం పోయినట్టు కనిపిస్తుందని ముందే చెప్పండి. డెబ్బై ఏళ్ల మనిషికి 1992 తర్వాత లాగా పదకొండేళ్లు ఆగమని చెప్పలేం.

స్వాతి_కూకట్‌పల్లి:

చాలా థ్యాంక్సండీ. 2003లో తను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎవరూ ఈ లెక్క చెప్పలేదని నాన్న బాధపడ్డారు. నెల ఖర్చు డబ్బు ముట్టుకోము. పాత పీఈలు తనే తీసి గ్రాఫు కాగితం మీద గీసి చూస్తానంటున్నారు. ఎక్కడ దొరుకుతాయి?

సుబ్బరాజు_భీమవరం:

నిఫ్టీ ఇండెక్సెస్ వెబ్‌సైట్‌లో 1999 నుంచి రోజువారీ పీఈ ఉంటుంది, డౌన్‌లోడ్ చేసి పంపండి. ఒక్క జాగ్రత్త చెప్పండి మాస్టారికి. 2021 మార్చి దాకా ఆ లెక్క కంపెనీ ఒక్కదాని లాభం మీద వేసేవాళ్లు, ఆ తర్వాత అనుబంధ సంస్థల లాభం కూడా కలిపి వేస్తున్నారు. అందుకే ఆ దగ్గర పీఈ ఒక్కసారిగా 40 నుంచి 33కి దిగినట్టు కనిపిస్తుంది. మార్కెట్ అంత పడలేదు, లెక్క పద్ధతి మారింది. ఆ తేదీకి ముందు ఒక గ్రాఫు, తర్వాత ఇంకో గ్రాఫు గీసుకోమనండి.